బ్యాడ్జి ఇచ్చేది అకేలా, పరీక్ష పెట్టేది ఇల్లు

కొత్తగా కబ్ మాస్టర్ కోర్సు చేసి వచ్చిన కుర్ర టీచర్లు నాకు ఫోన్ చేసి అడుగుతుంటారు: "మేడం, ప్రథమ చరణ్ నెల్లాళ్ళలో అయిపోతుందా?" అయిపోతుంది. కబ్‌ల మొదటి మెట్టే ప్రథమ చరణ్, పుస్తకంలో టిక్కులు పెట్టుకుంటూ పోతే రెండు వారాల్లోనూ అయిపోతుంది. పిల్లకు ఆ పని వచ్చిందా లేదా అన్నది వేరే లెక్క. ఆ రెండో లెక్క గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాసి పెడుతున్నాను. పెద్ద స్కౌట్లకు ఇవి సరిపోవు. పదేళ్ళు దాటని కబ్‌లు (మగపిల్లలు), బుల్‌బుల్‌ల (ఆడపిల్లలు) కోసం మాత్రమే.

1. చెట్టెక్కగలిగిన వాణ్ణీ చెట్టంటే భయపడేవాణ్ణీ ఒకే గీత దగ్గర నిలబెట్టొద్దు.

స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పావెల్ 1907లో బ్రౌన్‌సీ దీవిలో మొదటి శిబిరం పెట్టింది పెద్ద కుర్రాళ్ళతో. వాళ్ళ తమ్ముళ్ళు మేమూ వస్తామని వెంటపడితే 1916లో వుల్ఫ్ కబ్స్ మొదలుపెట్టాడు. దానికి ఆధారంగా కిప్లింగ్ 'జంగిల్ బుక్' తీసుకున్నాడు. అందుకే ఇప్పటికీ మన పిల్లలు కబ్ మాస్టర్‌ను, ఆ కథలోని తోడేళ్ళ నాయకుడి పేరుతో, అకేలా అంటారు. ఆ కథలోని సియోనీ అడవి మన మధ్యప్రదేశ్‌దే కాబట్టి, ఇంగ్లండ్ తిరిగొచ్చిన మన కథే అనుకోవచ్చు. పెద్ద స్కౌట్లకు 'సిద్ధంగా ఉండు' అని చెప్పిన మనిషి, ఈ పసివాళ్ళకు మాత్రం 'చేతనైనంత చెయ్యి' అని ఊరుకున్నాడు. మన దగ్గర అదే 'కోషిశ్ కరో'. అంటే ఈ వయసులో కొలవాల్సింది ప్రయత్నాన్ని. బంతి ఎప్పుడూ పట్టలేని పిల్ల పదింటిలో నాలుగు పట్టిందంటే ఆమెకు బ్యాడ్జి వచ్చినట్టే. పదికి పదీ పట్టే పిల్లాడికి ఇంకా దూరం నుంచి విసరండి. ఇది పక్షపాతం అనే తల్లిదండ్రులు ఉంటారు. అననివ్వండి.

2. ముడి నోటికి కాదు, చేతికి రావాలి.

రీఫ్ నాట్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే అందరూ తేలిగ్గా దాటేసేది ఇదే. "ఎడమది కుడి మీద, కుడిది ఎడమ మీద" అని పాఠంలా వల్లె వేయిస్తారు. ఆరేళ్ళ పిల్లకు కుడి ఎడమలే ఇంకా స్థిరపడి ఉండవు, పైగా ఎదురుగా నిలబడి చూపిస్తే మన కుడి వాళ్ళకు ఎడమ అవుతుంది. పక్కనే కూర్చుని చూపించండి. చేతికో రంగు తాడు ఇవ్వండి: ఎడమ చేతిలో ఎర్రది, కుడి చేతిలో తెల్లది. ఎర్రదాన్ని తెల్లదాని మీదుగా వేసి కిందనుంచి తిప్పి పైకి తియ్యాలి. ఇప్పుడు ఎర్ర కొస కుడివైపుకు వచ్చి ఉంటుంది. మళ్ళీ ఎర్రదాన్నే తెల్లదాని మీద వేసి తిప్పాలి. రెండుసార్లూ ఎర్రదే పైన, అంతే సూత్రం. రెండోసారి తెల్లది పైకొస్తే అది గ్రానీ నాట్. దాని కొసలు అడ్డంగా పొడుచుకొస్తాయి. రీఫ్ అయితే కొసలు తాడు వెంటే బుద్ధిగా పడుకుంటాయి. రెండువైపుల నుంచీ లోపలికి నెడితే చక్కగా ఊడొస్తుంది.

తరవాత పిల్లల్ని వాళ్ళ బూట్లు చూసుకోమనండి. లేసు పువ్వు పాదానికి అడ్డంగా కూర్చుంటే వాళ్ళు కట్టేది రీఫే. వేళ్ళ వైపూ మడమ వైపూ నిలువుగా తిరిగి ఉంటే గ్రానీ, అందుకే అది మాటిమాటికీ ఊడుతోంది. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడాలి. పొద్దున్న లేచిన దగ్గరనుంచీ అమ్మ తిట్టే తిట్లకు కారణం దొరికిపోయింది మరి.

పరీక్ష మీరు పెట్టొద్దు. వారం తరవాత "ఇంట్లో దేనికి వాడావు?" అని అడగండి. తమ్ముడి మోకాలికి గుడ్డ కట్టానన్న పిల్లకు ముడి వచ్చింది. బల్లమీద కట్టి చూపించి ఊరుకున్న పిల్లకు ఇంకా రాలేదు. బరువు లాగే పనికి రీఫ్ వాడకూడదనీ, లావు తాడూ సన్న తాడూ కలపాలంటే షీట్ బెండ్ కావాలనీ అప్పుడే చెప్పండి, అవసరం కనిపించాక మాట ఎక్కుతుంది. ఇక పల్లెటూరి బళ్ళో క్లోవ్ హిచ్ నేర్పాల్సి వస్తే పాడి ఉన్న ఇంటి పిల్లాణ్ణి ముందుకు పిలవండి. వాడు గుంజకు తాడు చుట్టే తీరు చూస్తే మీకే సిగ్గేస్తుంది.

3. కిమ్స్ గేమ్‌ను లెక్కల పరీక్ష చేయొద్దు.

కిప్లింగ్ 'కిమ్' నవలలో సిమ్లా దుకాణంలో ఆ కుర్రాడికి నేర్పే ఆట నుంచి వచ్చిందిది. మన స్కౌట్ పుస్తకం ప్రకారం పళ్ళెంలో 24 వస్తువులు, నిమిషంసేపు చూపు. ఆరేడేళ్ళ వాళ్ళకు పది చాలు. లవంగం, చింతగింజ, బొత్తాం, బస్ టికెట్, సేఫ్టీ పిన్ను, అరిగిన చాక్‌పీసు, గాజు ముక్క కాదు గాజు మొత్తం, ఇలా ఇంట్లో దొరికేవే. ఎన్ని గుర్తున్నాయి అనే ప్రశ్న మొదటి రోజుకు సరే. ఆ తరవాత నుంచి "లవంగానికి తల ఉందా, ఊడిపోయిందా?", "టికెట్ ఏ రంగు?" అని అడగండి. ఎక్కువ వస్తువులు చెప్పేది ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్లే కావచ్చు. లవంగానికి తల లేదని చెప్పేది మాత్రం చాలాసార్లు వెనక బెంచీ వాడే.

కళ్ళకు గంతలు కట్టి వాసనతో కూడా ఆడించండి. జీలకర్ర, వాము, ఇంగువ, కరివేపాకు, కాఫీపొడి చిన్న మూటలు కట్టి పెట్టండి. వాముకీ జీలకర్రకీ తేడా చెప్పలేని పిల్లలు ఇంటికెళ్ళి పోపుల డబ్బా మూత తీస్తారు. మనక్కావలసింది అదే.

4. పోగేసిందంతా సేకరణ కాదు.

కలెక్టర్ బ్యాడ్జికి కొని తెచ్చిన స్టాంపుల ఆల్బం ఒప్పుకోకండి. ఎండిన ఆకులు పన్నెండున్నా చాలు, ప్రతి ఆకు కిందా ఏ చెట్టుది, ఎక్కడ దొరికింది, ఏ నెలలో అనే మూడు సంగతులు పిల్ల చేతిరాతతో ఉండాలి. అక్షరదోషాలు దిద్దొద్దు.

5. ప్రథమ చికిత్సలో ముందు చెరపాల్సింది ఇంటి అలవాట్లు.

ఏడేళ్ళ పిల్ల వైద్యం చేయలేదు. కానీ ఇంట్లో పెద్దవాళ్ళు తప్పు చేయబోతుంటే "అలా కాదంట" అని చెప్పగలదు. కాలితే టూత్‌పేస్టు, పసుపు, సిరా పూసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఏదీ పూయకూడదు, కుళాయి కింద చల్లటి నీళ్ళు 20 నిమిషాలు పడనివ్వాలి. 20 నిమిషాలంటే ఎంతో వాళ్ళకు తెలియదు కాబట్టి ఒకసారి బకెట్టూ చెంబూ పెట్టి, గడియారం చూస్తూ, వంతులవారీగా చేతిమీద నీళ్ళు పోయించండి. ఇంతసేపా అని విసుక్కుంటారు. విసుక్కున్నాకే గుర్తుంటుంది.

ఎండాకాలంలో ముక్కువెంట రక్తం కారే పిల్లలు ప్రతి బళ్ళోనూ ఉంటారు. తల వెనక్కి వంచమంటారు పెద్దలు. వెనక్కి వంచితే రక్తం గొంతులోకి దిగి వాంతి అవుతుంది. కూర్చోబెట్టి తల కాస్త ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని వేళ్ళతో నొక్కిపట్టి, నోటితో గాలి పీల్చమనాలి. పది నిమిషాలు వదలకూడదు, మధ్యలో తీసి చూడకూడదు. ఇది పిల్లలే ఒకరికొకరు చేసి చూసుకోవచ్చు. అప్పటికీ ఆగకపోతే ఆస్పత్రికే.

ఇక 108. హైదరాబాద్‌లో 2005లో మొదలైన ఈ అంబులెన్స్ నంబరు తెలియని పిల్ల లేదు. కానీ ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియదు. ఉత్తుత్తి ఫోన్ పట్టుకుని మీరు అవతలి మనిషిగా కూర్చోండి. "ఎక్కడమ్మా?" అంటే "మా ఇంట్లో" అంటారు. "మీ ఇల్లెక్కడ?" "మా బజార్లో." నవ్వకుండా అడుగుతూనే ఉండండి. ఏ ఊరు, ఏ వీధి, పక్కన గుడి ఉందా నీళ్ళ ట్యాంకు ఉందా, ఏం జరిగింది, ఆ మనిషి మాట్లాడుతున్నారా లేదా. అవతలివాళ్ళు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టకూడదని కూడా చెప్పాలి. నన్నడిగితే మొత్తం చరణ్‌లో ఈ ఒక్కటి బాగా వస్తే చాలంటాను.

6. పొయ్యి లేకుండానే వంట నేర్పొచ్చు.

మంట లేని వంట అనగానే బిస్కెట్లమీద క్రీము పూసి ఫోటోలు తీస్తున్నారు. మనకు పానకం, వడపప్పు ఉండగా అదెందుకు? పెసరపప్పు నానడానికి ఎంతసేపు పడుతుందో పిల్ల కూర్చుని చూడాలి. బెల్లం దంచాలి, మిరియాలు నూరాలి, ఏలకులు వలవాలి. రుచి చూసి "కారం ఎక్కువైంది" అని తనే అనాలి. గిన్నెలు కడగడం కూడా వంటలో భాగమేనని ముందే చెప్పండి, లేకపోతే ఆ పని ఆడపిల్లల మీద పడుతుంది. నేను కబ్‌ల చేత కడిగించి బుల్‌బుల్‌లను తుడవమనేదాన్ని, మరుసటి వారం తారుమారు.

7. తోటకు మెంతులే మేలు.

మామిడి టెంక నాటించి చెట్టయ్యేదాకా చూడమంటే ఆరేళ్ళ పిల్ల ఊరుకోదు. మెంతులు నాలుగైదు రోజుల్లో తల ఎత్తుతాయి. పగిలిన బకెట్టు చాలు.

8. రికార్డు పుస్తకం ఎవరు రాశారో చూడగానే తెలుస్తుంది.

ముత్యాల్లాంటి అక్షరాలు, స్కెచ్ పెన్ను బార్డరు, ఇంటర్నెట్ నుంచి తీసిన రంగు బొమ్మలు కనిపిస్తే అది అక్కయ్యో అమ్మో రాసింది. ఒకసారి ఓ బళ్ళో పిల్లలందరి పుస్తకాల్లోనూ ఒకే వాక్యం, ఒకే తప్పుతో సహా చూశాను. తల్లిదండ్రుల్ని తిట్టి లాభం లేదు, ముందు వాళ్ళకు పని కల్పించాలి. రాయడం పిల్ల వంతు, కింద "ఈ వారం మా అమ్మాయి ఇంట్లో ఫలానా పని చేసింది" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టడం వాళ్ళ వంతు. చదువురాని తల్లి అయితే నోటితో చెబుతుంది, మీరు రాసుకోండి. ఒక తల్లి "ఏం చేస్తుందండీ, నీళ్ళ బిందె మీద మూత పెడుతోంది, నేను మర్చిపోయినా" అంది. నేను హౌస్ ఆర్డర్లీ బ్యాడ్జికి అంతకంటే మంచి సాక్ష్యం వినలేదు.

9. రోజుకో మంచిపనిని హాజరు పట్టీ చేయొద్దు.

ప్రతి ఉదయం లేపి "నిన్న ఏం మంచిపని చేశావు?" అని అడిగితే మూడో రోజుకు అందరూ ముసలమ్మను రోడ్డు దాటించేసి ఉంటారు, ఊళ్ళో అంతమంది ముసలమ్మలు లేకపోయినా. స్కార్ఫ్ కొసకు చిన్న ముడి వేసుకుని, పని చేశాక విప్పుకోమనే పాత పద్ధతి బాగుంది. ఏం చేశారో చెప్పక్కర్లేదు. ముడి విప్పారా లేదా అని కూడా నేను తనిఖీ చేసేదాన్ని కాదు.

10. వచ్చిన బ్యాడ్జి ఆ వారమే ఇచ్చేయండి.

అతిథులొచ్చే జనవరి 26కో, బేడెన్ పావెల్ పుట్టినరోజు ఫిబ్రవరి 22కో అందరికీ కలిపి ఇద్దామని బీరువాలో దాస్తారు. ఏడేళ్ళ పిల్లకు రెండు నెలలంటే ఓ యుగం. స్టేజీ ఎక్కి అందుకునేసరికి అది దేనికిచ్చారో తనకే గుర్తుండదు. ప్యాక్ మీటింగులో, వలయంలో నిలబెట్టి, తోటి పిల్లల ముందు ఇస్తే చాలు. గోల్డెన్ యారో లాంటి పెద్దవాటికి పైనుంచి రావాలి కాబట్టి ఆగక తప్పదు. మిగతావాటికి ఆగనక్కర్లేదు. ఫోటో కావాలంటే అప్పుడే తీసుకోండి, కాకపోతే పిల్లల చేతులకు మట్టి ఉంటుంది.