ఉద్యోగం మానకుండానే కథ రాయండి

రాయాలనుంది, పాడాలనుంది, కానీ ఉద్యోగంతో తీరిక దొరకడం లేదు అనే మాట చాలామంది నోట వింటుంటాం. ఆ బాధ నిజమైనదే. కానీ దానికి మందు రాజీనామా అనుకోవద్దు. తెలుగులో గొప్ప పని చేసినవాళ్లలో చాలామంది మరో వృత్తి మీద బతుకుతూనే ఆ పని చేశారు.

కాళీపట్నం రామారావు విశాఖపట్నంలో లెక్కల మాస్టారు. బళ్లో పాఠాలు చెబుతూనే ‘యజ్ఞం’ లాంటి కథ రాశారు. రిటైరయ్యాక 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చే పనికి పూనుకున్నారు. రావిశాస్త్రి అదే విశాఖలో వకీలు. కోర్టు చుట్టూ తిరిగే పేదలు, పోలీసులు, సాక్షులు ఆయన ‘ఆరు సారా కథలు’కు మనుషులయ్యారు. శ్రీపాద పినాకపాణి కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యులు. వైద్యం చేస్తూనే నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులకు సంగీతం నేర్పారు.

వీళ్లకు వృత్తి అన్నం పెట్టింది, మనుషుల్ని చూపించింది. అమ్ముడుపోయేదే రాయాలన్న ఒత్తిడి లేకుండా చేసింది. మీకూ ఆ వెసులుబాటు ఉంది. దాన్ని వాడుకోండి.

మొదట సమయం. ఆదివారం మొత్తం రాస్తానని పెట్టుకుంటే ఆ ఆదివారం పెళ్లిళ్లకూ ఇంటిపనికీ పోతుంది. రోజూ డ్యూటీకి ముందు అరగంట చాలు. ఆ అరగంట సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పి, వాళ్ల ఒప్పుదలతో పెట్టుకోండి. మీ తీరిక కోసం ఇంకొకరు రెండింతలు చాకిరీ చేయాల్సి వస్తే అది న్యాయం కాదు.

రెండోది ముడిసరుకు. బ్యాంకు కౌంటర్లో, బస్సు డిపోలో, ఆసుపత్రి వార్డులో విన్న మాటతీరు ఆ రోజే నోటుపుస్తకంలో రాసుకోండి. అయితే రోగి వివరం, ఖాతాదారు సంగతి, కక్షిదారు రహస్యం మీవి కావు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. తెలిసినవాళ్లు గుర్తుపట్టే ఆనవాళ్లేవీ కథలో మిగలకూడదు.

మూడోది నిబంధనలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు విధులకు ఆటంకం లేకుండా అప్పుడప్పుడూ సాహిత్య, కళా కృషి చేసుకోవడానికి 1964 నాటి ప్రవర్తనా నియమాలే వీలిచ్చాయి. పారితోషికం తీసుకునే ముందు మాత్రం మీ శాఖలో కనుక్కోండి. ప్రైవేటు ఉద్యోగులు అపాయింట్‌మెంట్ ఆర్డరులో బయటి పనుల గురించీ, రచనల హక్కుల గురించీ ఏముందో చదవండి. ఆఫీసు కంప్యూటర్‌లో, ఆఫీసు వేళల్లో సొంత రాత పెట్టుకోవద్దు.

కథ చెప్పడం అలవాటైతే కొలువులోనూ అక్కరకొస్తుంది. ఇంటర్వ్యూలో ‘కష్టపడి పనిచేస్తాను’ అనే బదులు, ఎదురైన చిక్కేమిటో, మీరేం చేశారో, ఆ తర్వాత ఏం మారిందో వరసగా చెప్పండి. తోటివారి పాలు ఎంతో కూడా దాచకుండా చెప్పండి. నిజంగా జరిగింది జరిగినట్టు చెబితే వినేవారికి మీ మీద నమ్మకం కుదురుతుంది.

జీతం ఇల్లు నడుపుతుంది. దానితోనే బతుకు నిండదు. మీకిష్టమైన కళకు రేపు పొద్దున ఒక అరగంట ఇచ్చి మొదలుపెట్టండి. రిటైర్మెంటు దాకా వాయిదా వేయకండి.