పదమూడు ముక్కలు, ఏడవ ఆజ్ఞ

పఠనాలు: యోహాను 19:23-24, లూకా 12:13-21, 1 తిమోతి 6:6-10



ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక గుడి వరండాలో ఒక పెద్దమనిషి నన్ను ఆపి ఒక ప్రశ్న వేశారు. ఇది పాపసంకీర్తనంలో విన్న మాట కాదు, పదిమంది వింటుండగా అడిగినది. "ఫాదర్‌గారూ, మీరు ప్రసంగంలో పేకాట తప్పన్నారు. నేను ఆడేది పదమూడు ముక్కలాటండి. అది జూదం కాదని సుప్రీంకోర్టే చెప్పింది కదండీ. కోర్టు తప్పు కాదన్నదాన్ని మీరు తప్పంటే ఎలాగండీ?"

ఆ పూట నా దగ్గర సరైన జవాబు లేదు. చదివి చెబుతానన్నాను. ఆయన భార్య పక్కనే నిలబడి ఉన్నారు, ఏమీ మాట్లాడలేదు. ఆమె చెవి దుద్దులు అప్పటికే తాకట్టులో ఉన్నాయని నాకు తరువాత తెలిసింది. ఆ ఇద్దరికీ నేను బాకీ ఉన్న జవాబే ఈ వారం పాఠం.

ఇది ఒక ఇంటి సంగతి మాత్రమే కాదు. భీమవరం పేరు చెబితే చేపల చెరువులు, రొయ్యల ఎగుమతులు, సంక్రాంతి కోడిపందేలు, వాటి పక్కనే గుండాట, పేకాట బల్లలు గుర్తుకొస్తాయి. 2025 అక్టోబరులో భీమవరం ప్రాంతంలో పేకాట శిబిరాలు పెరిగాయన్న ఫిర్యాదుల మీద ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు జిల్లా పోలీసు అధికారి నుంచి నివేదిక కోరారు. పదమూడు ముక్కలాట నేరమా కాదా అన్న చర్చ మళ్లీ మొదలైంది. దొంగచాటుగా ఆడేకంటే లైసెన్సు ఇచ్చి రమ్మీ, పోకరు గదులు తెరిపిస్తే పోతుంది కదా అనేవారూ ఉన్నారు. కనుక ముందు చట్టం ఏమంటుందో తెలుసుకుందాం.

1. చట్టం ఏమంటోంది?

మన రాజ్యాంగంలో పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలోని 34వ అంశం. అందుకే రాష్ట్రానికొక తీరు. గోవా 1976 నాటి తన జూద చట్టాన్ని తొంభైలలో సవరించి హోటళ్లలోనూ, నీటిమీది ఓడల్లోనూ కాసినోలకు దారి తీసింది. పశ్చిమ బెంగాల్ 1957 నాటి చట్టం జూదమన్న నిర్వచనం నుంచి బ్రిడ్జి, రమ్మీలతో పాటు పోకరును కూడా పేరుపెట్టి మినహాయించింది. నాగాలాండ్ 2016లో పోకరును నైపుణ్యపు ఆటల పట్టికలో చేర్చి ఆన్‌లైన్ ఆటకు లైసెన్సులు పెట్టింది. తెలంగాణ 2017లో దీనికి ఎదురుదారి పట్టి, డబ్బు పందెంగా ఆడే రమ్మీకి నైపుణ్యం పేరుతో ఉన్న రక్షణను తీసివేసింది.

మనకు వర్తించేది 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం. అందులోని 15వ సెక్షను కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలకు మినహాయింపు ఇచ్చింది. 2020లో ఈ చట్టాన్నే సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు మరో అడుగు వేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యమైనా, అదృష్టమైనా ఒకటేనంటూ దేశమంతటా నిషేధించింది. దాన్ని సవాలు చేస్తూ కోర్టుల్లో పిటిషన్లు దాఖలయ్యాయి. ఇదంతా ఫోనులో ఆడే ఆట సంగతి. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట మాత్రం రాష్ట్ర చట్టం కిందికే వస్తుంది.

ఇక ఆ పెద్దమనిషి చెప్పిన సుప్రీంకోర్టు తీర్పు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో 1967 నవంబరులో వచ్చిన తీర్పది. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో తేల్చుకోవాలి కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని న్యాయస్థానం చెప్పింది. మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టం మీద నడిచేదని వేరు చేసింది. మన క్లబ్బుల్లో అందరికీ తెలిసింది ఇంతవరకే. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. క్లబ్బు మామూలు సేవారుసుము తీసుకుంటే తప్పు లేదు గాని, పందెం పెట్టి ఆడే ఆట మీద ఇంటి యజమానో, క్లబ్బో లాభం గడిస్తున్నట్టు రుజువైతే అప్పుడది నేరం కావచ్చు. అంటే కోర్టు కూడా ముక్కల దగ్గర ఆగలేదు. డబ్బు ఎవరి జేబులోకి పోతోందని అడిగింది.

2. నేరం కానిదంతా మంచిదేనా?

పునీత తోమా అక్వినాసు తన వేదాంత సంగ్రహంలో, మానవ చట్టం అన్ని దుర్గుణాలనూ నిషేధించదని బోధించారు. చట్టం సామాన్య జనం కోసం చేసేది. కనుక చాలామంది మానగలిగిన ఘోరమైన వాటిని, ముఖ్యంగా పరులకు హాని చేసే వాటిని మాత్రమే అది అడ్డుకుంటుంది. అబద్ధమాడిన ప్రతివాణ్ణీ, ముసలి తల్లికి అన్నం పెట్టేటప్పుడు విసుక్కున్న ప్రతి కోడలినీ, కొడుకునూ జైల్లో పెట్టలేం. అంతమాత్రాన అవి మంచి పనులు కావు. పోలీసు పట్టుకోడు అన్నది ఒక మాట. దేవుని ముందు తల ఎత్తుకోగలను అన్నది వేరే మాట.

అలాగని శ్రీసభ ఆటను ద్వేషించదు. అలసిన శరీరానికి నిద్ర ఎలాగో అలసిన మనసుకు వినోదం అలాగని తోమా వారే చెప్పారు. కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2413వ పేరా కూడా అదృష్టపు ఆటలూ, పందేలూ వాటంతటవే న్యాయానికి విరుద్ధం కావని ఒప్పుకుంటుంది. అపోస్తలులు మత్తీయాను ఎన్నుకున్నది చీట్లు వేసే కదా. అయితే ఆ పేరా మూడు హద్దులు గీస్తుంది. ఆటగాడికి గాని అతని మీద ఆధారపడినవారికి గాని అవసరమైనదాన్ని అది లాక్కుంటే తప్పు. ఆట మోజు మనిషిని బానిసను చేసే ప్రమాదం ఉంది. మోసపు పందెం, సమన్యాయం లేని పందెం, జరిగిన నష్టం మరీ స్వల్పమైతే తప్ప, గురుతర విషయం. ఈ మాటలు సత్యోపదేశంలో ఏడవ ఆజ్ఞ కింద, అంటే దొంగతనాన్ని నిషేధించే ఆజ్ఞ కింద ఉన్నాయని గమనించండి.

3. "నైపుణ్యం" అన్న మాట

ఇక్కడ కొంచెం నిదానంగా ఆలోచిద్దాం. పోకరు గదులు కావాలనేవారి ముఖ్య వాదన ఒక్కటే: ఇది తెలివి ఆట, అదృష్టం కాదు. నిజమే అనుకుందాం. అప్పుడు జరిగేదేమిటి? తెలివైనవాడు తెలియనివాడి దగ్గర ఒకసారి కాదు, నెలనెలా క్రమం తప్పకుండా గెలుస్తాడు. అదృష్టమైతే ఒకరోజు నీది, ఒకరోజు నాది. నైపుణ్యమైతే ఓడేవాడు ఎప్పుడూ అతడే. నైపుణ్యం పెరిగేకొద్దీ పందెంలో సమానత తరుగుతుంది. చట్టం దృష్టిలో మినహాయింపు ఇచ్చే ఈ మాటే మనస్సాక్షి ముందు ఆరోపణ అవుతుంది.

కబడ్డీలోనూ నైపుణ్యం ఉంది. గెలిచిన జట్టుకు కప్పు ఇస్తాం. ఓడిన జట్టు కుర్రాళ్ల ఇళ్లలోని బియ్యం తెచ్చి ఇవ్వం. క్రీస్తుకు నాలుగు శతాబ్దాల ముందే తత్త్వవేత్త అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో జూదరిని దారిదోపిడీగాని పక్కన నిలబెట్టాడు. ఎవరికి ఇవ్వవలసి ఉందో ఆ స్నేహితుల దగ్గరే జూదరి లాభం తీసుకుంటాడన్నది ఆయన చెప్పిన కారణం. ఆయన క్రైస్తవుడు కాడు. మన మహాభారతంలో ధర్మరాజును జూదానికి పిలిచినవాళ్లు కూడా పరాయివాళ్లు కారు, బంధువులు. పాచికల నేర్పు శకునిది, నష్టం మాత్రం ద్రౌపదిది. గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో నన్నయగారు ఆ కథను తెలుగు చేసి సుమారు వెయ్యేళ్లవుతోంది. మనకిది కొత్త పాఠం కాదు.

ఇక గది సొంతదారు సంగతి. పోకరులో ఇతరుల ముక్కలు కనబడవు. ఒక్కో విడతకు పందెం పెంచుకుంటూ పోతారు. ప్రతి ఆటలో పోగైన సొమ్ము నుంచి గది తన వాటా కోసుకుంటుంది. ఒక ఊహాలెక్క వేద్దాం. పదిమంది తలా 2,000 రూపాయలతో కూర్చున్నారు, బల్ల మీద మొత్తం 20,000. ఆటకు సగటున 1,000 పోగైతే నూటికి 5 చొప్పున గదికి 50. గంటకు 25 ఆటలు, అంటే 1,250. ఆరు గంటలకు 7,500. తెల్లవారేసరికి పదిమందికీ కలిపి మిగిలింది 12,500. ఒకరు గెలిచామని చెప్పుకుంటారు గాని, బల్ల మొత్తంగా మూడోవంతుకు పైగా ఓడింది. ఒక్క ముక్క కూడా పట్టుకోనివాడే అసలు గెలిచాడు. లైసెన్సు ఇచ్చినా ఈ లెక్క మారదు.

4. "ఎలాగూ ఆడుతున్నారు కదా" అన్న వాదన

ఎదుటివారి మాట కూడా న్యాయంగా వినాలి. నిషేధం ఉన్నచోట ఆట తోటల్లోకి, లాడ్జిల్లోకి, రొయ్యల చెరువుల గట్ల మీదికి పోతుంది. మామూళ్లు పుడతాయి. లైసెన్సు ఉంటే వయసు అడగవచ్చు, వేళలు పెట్టవచ్చు, లెక్కలు చూడవచ్చు, ప్రభుత్వానికి పన్ను వస్తుంది. ఇందులో కొంత నిజముంది. లంచం మేసే నిషేధం కూడా అన్యాయమే.

కాని ఆదాయం అన్న మాట దగ్గర మన రాష్ట్రం ఒకసారి పాఠం నేర్చుకుంది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో ఊరూరా పాకింది. 1993లో సారాను, 1995లో మద్యాన్ని నిషేధించారు. 1997లో మద్యనిషేధం ఎత్తివేశారు. అందుకు చెప్పిన కారణాల్లో ఖజానాకు వచ్చిన లోటు ముఖ్యమైనది. ఒక వ్యసనం మీద వచ్చే డబ్బుతో జీతాలు ఇవ్వడం అలవాటైన ప్రభుత్వానికి ఆ వ్యసనం తగ్గాలని కోరుకోవడం కష్టం. పోకరు గది మీద పన్ను కూడా అంతే. ఎక్కువమంది ఎక్కువ ఓడితేనే అది పెరుగుతుంది. పౌరులు ఓడిపోతే లాభపడే ప్రభుత్వం ఆ పౌరులను ఎలా కాపాడుతుంది?

కనుక ఇలాంటి బిల్లు ఎప్పుడైనా శాసనసభకు వస్తే, మీ ఎమ్మెల్యేను పార్టీ చూడకుండా ఈ ప్రశ్నలు అడగండి. గది వాటాకు హద్దు ఉందా? అప్పు ఇచ్చి ఆడించడం నిషేధించారా? భార్యగాని తల్లిగాని ఫిర్యాదు చేస్తే ఆ మనిషిని లోపలికి రానివ్వకుండా ఆపే వీలుందా? చట్టం చేసేముందు ఆడేవాళ్లనూ, ఆడించేవాళ్లనూ కాక, ఆ ఇళ్లలోని స్త్రీలను ఎవరైనా పిలిచి అడిగారా?

5. మన ఇల్లు మనం చక్కదిద్దుకుందాం

ఊరికి నీతి చెప్పేముందు మన వంతు ఒప్పుకోవాలి. విచారణ పండుగలకు లక్కీ డ్రా టిక్కెట్లు అమ్మి గుడికి రంగులు వేయించినవాళ్లలో నేనూ ఉన్నాను. పది రూపాయల టిక్కెట్టు పాపం కాకపోవచ్చు. కాని పదేళ్ల పిల్లవాడికి దేవుని గుడిలోనే పందెపు రుచి చూపించామేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. పండుగ కమిటీలు దీని గురించి ఆలోచించాలి.

మానలేకపోతున్నవారికి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూద వ్యసనాన్ని వ్యాధుల జాబితాలో చేర్చింది. అది సిగ్గుపడి దాచుకోవలసింది కాదు, వైద్యం చేయించుకోవలసింది. ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పాపసంకీర్తనమూ, వైద్యమూ ఒకదానికొకటి అడ్డు కావు. పునీత కమిల్లుస్ దె లెల్లిస్ యువకుడిగా సైనికుడు, జూదరి. 1574లో నేపుల్స్ నగరంలో ఒంటిమీది చొక్కా వరకు పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడే మనసు మార్చుకుని, తరువాత రోగుల సేవకు ఒక సభనే స్థాపించాడు. ఈనాడు రోగులకు ఆయనే పాలక పునీతుడు. పోగొట్టుకున్న డబ్బు తిరిగి రాకపోవచ్చు, మనిషి తిరిగి రాగలడు.

ఆ పెద్దమనిషికి నా జవాబు ఇది: అయ్యా, కోర్టు మీ ముక్కల గురించి తీర్పు చెప్పింది. మీ ఇంటి గురించి చెప్పలేదు. అది మీరే చెప్పుకోవాలి. కల్వరి కొండ మీద ప్రభువు అంగీ కోసం సైనికులు చీట్లు వేసుకున్నారు. చట్టం ప్రకారం వారిది నేరం కాదు, శిక్షపడినవాని బట్టలు కాపలా సైనికుల సొత్తే. తమ తలల మీద ఎవరు వేలాడుతున్నారో వారు చూడలేదు, అంతే. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లి మీ ఇల్లాలి ముఖం వైపు ఒకసారి చూడండి.

కుటుంబ ప్రార్థనలో చర్చించుకోవడానికి:

1. మన ఇంట్లో ఆటకు ఖర్చయ్యే డబ్బు ఎంతో ఇంట్లో అందరికీ తెలుసా?

2. నేను గెలిచిన డబ్బు ఎవరి ఇంటి అవసరానిది?

3. సంక్రాంతి మూడు రోజులూ పందెం లేకుండా సంతోషంగా గడపడానికి మన విచారణలో ఏం చేయవచ్చు?