పెద్ద సంస్థలో మార్పు – సభ్యుని బాధ్యత
(సభ్యుల విద్యా పాఠం)

తిరువూరు ప్రాంతంలో పొద్దున పితికిన పాలు 70-80 కిలోమీటర్ల దూరంలోని విజయవాడకు చెడకుండా చేరాలంటే సంఘం, శీతలీకరణ, రవాణా, ఫ్యాక్టరీ, అమ్మకం అన్నీ ఒక్క గొలుసుగా పనిచేయాలి. ఇంత పెద్ద సంస్థలో ఏ మార్పు తెచ్చినా దాని ఫలితం చివరకు రైతు పాలబిల్లులో కనిపిస్తుంది. కనుక మార్పు పాలకవర్గానికి మాత్రమే సంబంధించిన విషయమని సభ్యులు ఊరుకోరాదు.

ఆనంద్ నేర్పిన పాఠం

గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన సహకార యూనియన్ పెట్టుకున్నారు. చలికాలంలో గేదెలు పాలు ఎక్కువగా ఇచ్చేవి. ఆ పాలన్నిటినీ బొంబాయి కొనలేకపోయేది. గేదె పాలతో పొడి తయారుకాదని నిపుణులు చెబుతున్న రోజులవి. హెచ్.ఎం. దలాయా దానిని సాధించి చూపారు. వర్ఘీస్ కురియన్ మేనేజరుగా ఉండగా 1955లో పాలపొడి ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ఇక్కడ గమనించవలసినది యంత్రం కాదు. రైతు పాలు వెనక్కు పోరాదన్న అవసరం ముందు పుట్టింది, యంత్రం ఆ తరువాత వచ్చింది.

మన రాష్ట్రంలో మార్పులు

విజయవాడ పాల ఫ్యాక్టరీ 1969లో యూనిసెఫ్ సాయంతో మొదలైంది. 1974లో పాడి పరిశ్రమాభివృద్ధి కార్పొరేషన్, 1981లో సహకార ఫెడరేషన్ ఏర్పడ్డాయి. ఊరికి సంఘం, జిల్లాకు యూనియన్, రాష్ట్రానికి ఫెడరేషన్ అనే ఆనంద్ పద్ధతి ఆ విధంగా వచ్చింది. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. కృష్ణా జిల్లా యూనియన్ ఈ చట్టం కిందికి మారింది. విశాఖ డెయిరీ 2006లోను, సంగం డెయిరీ 2013లోను ఉత్పత్తిదారుల కంపెనీలుగా మారాయి. చిత్తూరు సహకార డెయిరీ మాత్రం నష్టాలతో 2002లో మూతపడింది.

పరస్పర సహాయక చట్టంలో ప్రభుత్వ జోక్యం తక్కువ. పెత్తనం సభ్యులది. అయితే నష్టం వస్తే భరించవలసినదీ సభ్యులే. స్వేచ్ఛ, బాధ్యత కాడికి కట్టిన రెండు ఎడ్ల వంటివి. ఒకటి నిలబడిపోతే బండి సాగదు.

మార్పును ఎట్లా పరీక్షించాలి?

ఒక చిన్న లెక్క చూడండి. వెన్నశాతం పరీక్షలో అర పాయింటు తేడా వచ్చిందనుకోండి. 10 కిలోల పాలకు 50 గ్రాముల వెన్న తేడా. రోజుకు ఇంతే అయినా నెలకు ఒకటిన్నర కిలోలు. గెర్బర్ పరీక్ష స్థానంలో యంత్రం వచ్చినప్పుడు పని త్వరగా జరుగుతుంది, మంచిదే. కాని అప్పుడప్పుడు ఒకే శాంపిలును రెండు పద్ధతులలోను పరీక్షించి సభ్యుల ఎదుట సరిచూస్తేనే దానిపై నమ్మకం నిలుస్తుంది. వెన్నతోపాటు ఎస్.ఎన్.ఎఫ్.కు కూడా ధర కట్టేటప్పుడు, ఆ లెక్క ముందుగా నోటీసు బోర్డుపై ఉండాలి. చెప్పకుండా తెచ్చిన మంచి మార్పును కూడా రైతు అనుమానిస్తాడు. పాలు ప్రైవేటు కేంద్రానికి తరలిపోతాయి. పాలు తగ్గితే కూలరు ఖర్చు తగ్గదు గనుక, ఆ భారం మిగిలిన సభ్యులపై పడుతుంది.

కావున నాయకత్వం చేయవలసినవి మూడు: కారణం ముందు చెప్పడం, కొన్ని సంఘాలలో ప్రయోగించి చూడడం, ఫలితాన్ని దాచకుండా మహాజన సభలో పెట్టడం. సభ్యులు చేయవలసినవీ మూడు: సభకు రావడం, లెక్క అడగడం, లాభం కనిపించిన రోజుననే కాక అన్ని రోజులలోను సంఘానికే పాలు పోయడం.

మీ సంఘంలో చర్చించండి

1. గత సంవత్సరం మన సంఘంలో వచ్చిన ముఖ్యమైన మార్పు ఏది? దాని కారణం సభ్యులందరికీ తెలుసా?
2. పాల పరీక్షను సభ్యుల ఎదుట చివరిసారి ఎప్పుడు సరిచూశారు?
3. పాలు పోసే స్త్రీలలో ఎందరికి తమ పేరున సభ్యత్వం, ఓటు ఉన్నాయి?
4. సంఘానికి నష్టం వస్తే ఎవరు, ఎంత భరించాలో బైలాలో చదివారా?