సముద్రపుటడుగున బావిమన్ను

గోదావరికి క్రొత్తనీరు వచ్చినపుడు ఆ నీటిని బిందెలో పట్టి, ఇండుపగింజ అరగదీసి కలుపుట మన పెద్దల వాడుక. కొంతసేపటికి మన్ను అడుగునకు దిగును, పైనీరు తేరును. బిందెను మనము కడుగుకొందుము. సముద్రమును కడుగువారెవరు?

సముద్రము క్రింద చమురుకై బావి త్రవ్వునపుడు రాతి తునకలు రాలును. వానిని పైకి తెచ్చుటకు బావిలోనికి చిక్కని బురదను పంపుదురు. ఆ బురదకు బరువు నిచ్చునది ముగ్గురాతి పొడి. అది నీటికంటె నాలుగు రెట్లకు మించి బరువైనది. కడప సీమలోని మంగంపేట ఈ రాతికి పేరెన్నికగన్నది. పైకి వచ్చిన బురదను వడకట్టి మరల వాడుదురు. బురద అంటిన తునకలను పలుచోట్ల సముద్రములోనికే విడుతురు.

అవి దిగు వేగము రేణువుల పరిమాణమును బట్టి యుండును. 1851లో స్టోక్సు ప్రకటించిన సూత్రము ననుసరించి, సన్నని రేణువు వ్యాసము పదవ వంతైనచో వేగము నూరవ వంతగును. నిశ్చలమైన 150 మీటర్ల నీటిలో, మిల్లీమీటరులో పదవ వంతున్న ఇసుకరేణువు సుమారు 6 గంటలలో అడుగు చేరును; నూరవ వంతున్న రేణువునకు సుమారు 25 దినములు పట్టును. ఈలోగా ప్రవాహము దానిని దూరము గొనిపోవును. అయితే ఉప్పునీటిలో బంకమట్టి కణములు ఒకదాని నొకటి పట్టుకొని, ముద్దలై, త్వరగా దిగును. బిందెలో ఇండుపగింజ చేయు పనిని ఇచట ఉప్పు చేయుచున్నది.

1970, 1980 దశకములలో ఐరోపాలోని ఉత్తర సముద్రమున నూనె కలిపిన బురదను విరివిగా వాడిరి. నూనె అంటిన తునకలు విడిపోక వేదికల క్రిందనే పడినవి. ఆ సముద్రపు దక్షిణభాగమున ప్రవాహము బలమైనది గనుక అవి చెదరిపోయినవి. ఉత్తరభాగమున ప్రవాహము తక్కువ. అచట కుప్పలు నేటికిని నిలిచియున్నవి. వాని క్రింద చిక్కిన పురుగులు, నత్తలు నశించినవి. కుప్పలోనికి ప్రాణవాయువు చొరదు గనుక నూనె విరుగుటయు మిక్కిలి మందము. నూటికి ఒక పాలునకు మించి నూనె అంటిన తునకలను సముద్రమున విడువరాదని 2000లో ఆస్పార్ ఒడంబడిక దేశములు నిర్ణయించినవి. పాత కుప్పలను కదల్చినచో నూనె మరల నీటిలో కలియును. కావున కొన్నింటిని కదల్పకుండుటయే మేలని తలచిరి.

ఇది మనకు దూరపు మాట కాదు. యానాం వద్ద గోదావరి కలియు సముద్రమునను, కృష్ణా-గోదావరి క్షేత్రపు లోతునీటిలో 2009 నుండి వాయువును వెలికి తీయుచున్నారు. ఆ నీటినే నమ్ముకొని వలలు వేయు కుటుంబములు కలవు.

తల్లిదండ్రులారా! రెండు గాజుగ్లాసులలో బంకమట్టి నీరు పోసి, ఒకదానిలో ఉప్పు కలిపి, ఏది ముందు తేరునో మీ పిల్లలచే గమనింపజేయుడు. నీరు తేరిన పిదప అడుగును చూపుడు. కంటికి కనబడకపోవుట వేరు, లేకపోవుట వేరని వారు తామే గ్రహింతురు.