డ్యూటీలో ఉండి ఇంటి కెమెరా చూడాలంటే

ప్రశ్న: మాది కొత్వాల్‌గూడ. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నైట్ షిఫ్టులు. ఇంటి కెమెరాలను అక్కడి నుంచి భద్రంగా చూసుకోవాలి. వీపీఎన్ చందా కట్టి రౌటర్‌లో పెడితే చాలా?

జవాబు: చాలదండీ. ఆ చందా ఇంటి నుంచి బయటికి వెళ్లే దారికి. మీకు కావలసింది బయటి నుంచి ఇంట్లోకి వచ్చే దారి. అంటే మీ రౌటరే వీపీఎన్ సర్వర్ కావాలి. దానికి చందా అక్కర్లేదు.

ముందు రౌటర్ సెట్టింగుల్లో వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నట్టే. ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలామంది పంచుకుంటున్నారు. బయటి నుంచి మీ ఇంటి తలుపు దొరకదు. నెట్ కంపెనీని స్టాటిక్ ఐపీ అడగండి. చాలామంది ఇక్కడే ఆగిపోయి రౌటర్‌ని తిట్టుకుంటారు!

కంపెనీ ఇచ్చిన డబ్బాలో వీపీఎన్ సర్వర్ సౌకర్యం సాధారణంగా ఉండదు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి ఉన్న రౌటర్ కొనండి. ఓపెన్‌వీపీఎన్ అనే మరో పద్ధతి చవక ప్రాసెసర్లను నీరసింపజేస్తుంది. కెమెరాకి నేరుగా పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి కెమెరాకే దారి తెరవడం) మాత్రం వద్దు.

చందా సర్వీసు కూడా తీసుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: ఖాతాదారుల వివరాలు అయిదేళ్లు దాచాలని వీపీఎన్ కంపెనీలను 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. దాంతో కొన్ని కంపెనీలు ఇక్కడి సర్వర్లనే ఎత్తేశాయి.