సరుకు పరిచయం: జిర్కోనియా

కాగితం మీద 99 శాతం అని కనిపించగానే సరుకు మేలిమిదని లెక్కకట్టడం వర్తకులకు అలవాటు. బంగారానికి ఆ లెక్క సరే. కొలిమికి వెళ్లే జిర్కోనియాకు మాత్రం అది చెల్లదు.

ముందుగా పేర్ల తికమక చూద్దాం. జిర్కాన్ వేరు, జిర్కోనియా వేరు. జిర్కాన్ సముద్రతీరపు ఇసుకలో దొరికే ఖనిజం. ఒడిశాలోని ఛత్రపూర్, కేరళలోని చవర, తమిళనాడులోని మనవాలకురిచి ఇందుకు పేరుపడ్డ చోట్లు. అందులో మూడింట రెండు వంతులు జిర్కోనియా, మిగిలినది సిలికా. సిలికాను తొలగిస్తే మిగిలేది జిర్కోనియా. ఉక్కు 1,500 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతంలో కరిగిపోగా, ఇది సుమారు 2,700 డిగ్రీల దాకా నిలుస్తుంది. కనుక బేరంలో 65 శాతం అని వినబడితే అది చాలావరకు జిర్కానే. ధర చవకని మురిసిపోరాదు.

ఇక అసలు చిక్కు. శుద్ధమైన జిర్కోనియా సుమారు 1,170 డిగ్రీల వద్ద స్ఫటిక రూపం మార్చుకుంటుంది. చల్లారేటప్పుడు పాత రూపానికి తిరిగివస్తూ 4, 5 శాతం ఉబ్బుతుంది. దానితో చేసిన మూస ఒక్కసారి కాగి చల్లారేసరికి బీటలు వారుతుంది. సరుకు వాపసు వస్తుంది. విరుగుడుగా సున్నం, మెగ్నీషియా, యిట్రియాలలో ఒకదానిని కొద్దిపాళ్లలో కలుపుతారు. దీనినే 'స్టెబిలైజ్డ్' రకం అంటారు. శుద్ధి శాతం తగ్గినట్లు కనిపించినా కొలిమికి పనికివచ్చేది ఇదే. జెట్ ఇంజను బ్లేళ్ల పూతలో యిట్రియా తూకంలో 6 నుంచి 8 శాతం ఉంటుంది. దానిని కల్తీ అనగలమా?

అలాగని కలిపేకొద్దీ మేలు అనుకోవడమూ పొరపాటే. పూర్తిగా స్థిరపరచిన రకం వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. కరిగిన ఉక్కు హఠాత్తుగా తగిలే నాజిళ్లకు పాక్షికంగా స్థిరపరచినది మేలు. పింగాణీ రంగులు తయారుచేసేవారికి ఏమీ కలపనిదే కావాలి. అందుచేత ఆర్డరు పుచ్చుకునేటప్పుడే ఏ పనికి, ఏది కలిపినది, ఎంత పాలు అని రాయించుకోవాలి.

పరీక్ష పత్రంలో జిర్కోనియా, హాఫ్నియా కలిపి ఒకే అంకె వేయడం రివాజు. ఒకటి, రెండు శాతం హాఫ్నియా ఈ సరుకులో సహజంగానే ఉంటుంది. కొలిమి పనికి దానితో నష్టం లేదు. అణు ఇంధన గొట్టాల జిర్కోనియంలో మాత్రం హాఫ్నియం ఉండరాదు. అది న్యూట్రాన్లను మింగేస్తుంది. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో దానిని ప్రత్యేకంగా వేరుచేస్తారు.