ద్వాదశీ పారణ – శాకముల సారము

ఏకాదశినాడు ఉపవసించి, ద్వాదశినాడు పారణ చేయుట వైష్ణవ గృహములలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఉపవాసమును గూర్చి ఎంత శ్రద్ధ వహించిరో, పారణను గూర్చియు మన పెద్దలు అంతే శ్రద్ధ వహించిరి. శ్రీవైష్ణవుల ఇండ్లలో నాటి విస్తరియందు అవిసె ఆకు కూర, ఉసిరికాయ పచ్చడి, ఉస్తికాయలు ఉండుట సంప్రదాయము. అనేక గృహములలో ఆనాడు చింతపండు వాడరు. ఒకనాడు విశ్రాంతి పొందిన జఠరాగ్నికి మరునాడు ఏది అందించవలెనో యోచించి ఏర్పరచిన భోజనమిది.

నేడు ఉపవాసము నిలిచినది కాని, దానికి ముందువెనుకల నుండు భోజనము మారినది. ఏకాదశినాడు అన్నము మాని ఉప్మా, దోసెలు, నేతిలో వేయించిన సగ్గుబియ్యము తృప్తిగా భుజించువారు కలరు. పారణనాడు పూరీలు, బొండాలు చేసికొనువారును కలరు. పెరటిలోని అవిసె చెట్టు పోయినది. దానితో ఆ ఆకు రుచియు పిల్లలకు తెలియకుండ పోయినది. ఈ మార్పు కేవలము ఆచారమునకు సంబంధించినది కాదు. భారతీయ వైద్య పరిశోధన మండలి వారి దేశవ్యాప్త పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. వాటిని బట్టి మన దేశమున 10 కోట్లకు పైగా జనులు మధుమేహముతో నున్నారు. వయోజనులలో నూటికి దాదాపు 40 మందికి ఉదరస్థౌల్యము, అనగా నడుము చుట్టును కొవ్వు పేరుకొనుట, కనిపించినది. పురుషులకు నడుము కొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్తపడవలెనని భారతీయులకు వైద్యులు హద్దు నిర్ణయించిరి.

స్థౌల్యమును మన ప్రాచీనులు సంపదకు చిహ్నముగా తలచలేదు. చరకసంహిత సూత్రస్థానమున అష్టౌనిందితీయమను 21వ అధ్యాయము కలదు. దేహరీత్యా నిందితులగు ఎనమండుగురిని పేర్కొని, వారిలో అతిస్థూలుని, అతికృశుని గూర్చి ఆచార్యుడు విశేషించి చర్చించెను. ఆ ఇరువురిలో స్థూలునికి చికిత్స చేయుటయే కష్టమనెను. స్థూలునికి ఈయవలసిన ఆహారము గురువై యుండవలెను, కాని అపతర్పణము కావలెనని ఆయన మతము. అనగా కడుపున నిలిచి ఆకలి నణచవలెను గాని, దేహమును పెంచరాదు. ఇందులకై యవలు, కొర్రలు, అరికలు, పెసలు, ఉలవలు మున్నగు ధాన్యములను, వాటితోపాటు ఉసిరికను పేర్కొనెను. ఉసిరిక చూర్ణమును యవల చూర్ణముతో కలిపి సేవించుటయు అచ్చటనే చెప్పబడినది.

గురువు, అపతర్పణము అను ఈ రెండు గుణములు ఒకే పదార్థమునందు ఎట్లు కుదురును? ఆధునిక ఆహారశాస్త్రము దీనికి చక్కని సమాధానము చెప్పుచున్నది. ఆకులయందును, కాయలయందును, పై పొట్టు తీయని ధాన్యములయందును పీచు ఉండును. అది కడుపు నింపును. కాని మన జీర్ణరసములకు లొంగదు. పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు దానిలో కొంత భాగమును పులియబెట్టి, ప్రేగుల కుపకరించు ఆమ్లములను తయారుచేయును. మెంతులలో దాదాపు సగభాగము పీచే. అందులో జిగురుగా మారు భాగము అన్నములోని పిండిపదార్థము రక్తమున చక్కెరగా చేరు వేగమును తగ్గించును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మధుమేహ రోగులకు మెంతిపొడి నిచ్చి పరిశీలించి, రక్తములోని చక్కెర తగ్గుటను గమనించిరి.

పీచుగాక మొక్కలలో మరికొన్ని పదార్థములు కలవు. చెట్టు కదలలేదు, పురుగు వచ్చినను, ఎండ మండినను నిలిచిన చోటనే యుండి తన్ను తాను కాచుకొనవలెను. అందులకై అది వగరును, చేదును, ఘాటును, రంగును తనలో నిర్మించుకొనును. ఉసిరికలోని వగరు టానిన్ల వలన కలుగును. పసుపు వన్నె కుర్కుమిన్ అను పదార్థమువలనను, మిరియపు ఘాటు పైపెరిన్ వలనను ఏర్పడినవి. మనము నాలుకతో గుర్తించు షడ్రసములలో కషాయము, తిక్తము, కటువు అను మూడును చాలవరకు ఈ వృక్షజన్య పదార్థముల గుణములే. నేటి భోజనమున మధుర లవణములు పెరిగి, తిక్త కషాయములు తరిగినవని చెప్పుట ఈ పదార్థములు తరిగినవని చెప్పుటయే.

ఇప్పుడు పారణ విస్తరిని చూడుడు. అవిసె ఆకులో సున్నము, ఇనుము, కెరోటిన్ విశేషముగా కలవు. ఆకుకూరలలోని ఇనుమును దేహము సులభముగా గ్రహింపలేదు. విటమిన్ సి తోడైనచో గ్రహణము పెరుగును. ఆ విటమిను ఉసిరికలో నారింజకంటె పలు రెట్లు అధికము. కెరోటిన్ గ్రహింపబడుటకు కొంచెము స్నేహద్రవ్యము కావలెను. కూరలో వేసిన చెంచాడు నేయి ఆ పని చేయును. ఈ మూడును ఒకే విస్తరిలో కలిసినవి. పారణ ముగియగానే కాఫీయో టీయో త్రాగినచో వాటిలోని పదార్థములు ఇనుమును అడ్డగించును గనుక ఒక గంట ఆగుట మేలు.

అయితే ఒక హెచ్చరిక అవసరము. ఫలానా చెట్టు సారము కొవ్వును కరిగించునని చెప్పి మాత్రలు అమ్ముచున్నారు. మలబారు చింత తొక్కలోని హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లము ఇట్టిదే. అమెరికాలో 135 మందిపై 12 వారములు జరిపిన పరీక్ష 1998లో ప్రచురితమైనది. ఆ సారము పుచ్చుకొన్నవారికిని, ఏ మందును లేని మాత్ర పుచ్చుకొన్నవారికిని బరువు తగ్గుటలో చెప్పుకోదగిన భేదము కనిపించలేదు. పైగా అట్టి మాత్రలవలన కాలేయము దెబ్బతిన్న సందర్భములు తరువాత వైద్య గ్రంథముల కెక్కినవి. పసుపు మాట కూడ ఇట్టిదే. 2 గ్రాముల కుర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపెరిన్ చేర్చినచో అది రక్తములో చేరు పరిమాణము 20 రెట్లు పెరుగునని బెంగుళూరు పరిశోధకులు 1998లో ప్రకటించిరి. ఇది విని మురియవచ్చును. కాని పసుపులో కుర్కుమిన్ నూటికి సుమారు 3 పాళ్లు మాత్రమే. 2 గ్రాములు రావలెనన్న 60 గ్రాములకు పైగా పసుపు తినవలెను. పోపులోని చిటికెడు పసుపు ఔషధపు మోతాదు కాదు, ఆహారము. ఆహారము నిత్యము, మితముగా, అనేక ద్రవ్యముల కలయికతో పనిచేయును. ఒక ద్రవ్యమును విడదీసి మింగుట వేరు, విస్తరి నంతటిని సరిదిద్దుకొనుట వేరు.

విస్తరిని సరిదిద్దుటయనగా నేమి? భోజనమున సగభాగము ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు, దుంపలు ఉండవలెనని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలు చెప్పుచున్నవి. ధాన్యములనుండి లభించు శక్తి 45 శాతమునకు మించరాదని కూడ అందు కలదు. మన ఇండ్లలో అన్నము కొండవలె, కూర కొనగోటివలె నుండును. ఈ క్రమమును తలక్రిందులు చేయవలెను. మరియొక మాట: ఒక గ్రాము పిండిపదార్థము 4 క్యాలరీల శక్తి నిచ్చుచుండగా, ఒక గ్రాము నూనె 9 క్యాలరీలనిచ్చును. అవిసె ఆకునైనను నూనెలో ముంచి వేయించినచో దాని అపతర్పణ గుణము పోవును.

ప్రసాదమును గూర్చి కొందరు సందేహింతురు. మధుమేహము గలవారు లడ్డు ప్రసాదమును విడువవచ్చునా అని అడుగుదురు. ప్రసాదమునకు మహిమ పరిమాణముచే కలుగదు. కన్నుల కద్దుకొని కణికెడు స్వీకరించి, మిగిలినది పదిమందికి పంచుట ప్రసాద ధర్మము. ఒక్కరే కూర్చుండి భుజించుట భక్తియు కాదు, ఆరోగ్యమును కాదు.

ఇన్సులిను గాని, చక్కెర తగ్గించు మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగక ఉపవసించినచో రక్తమున చక్కెర అపాయకరముగా పడిపోవచ్చును. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ పుచ్చుకొనువారు ఆకుకూరల పరిమాణమును ఒక్కసారిగా పెంచరాదు. వాటిలోని విటమిన్ కె ఆ మందు బలమును తగ్గించును. బాలురకు, వృద్ధులకు, రోగులకు ఉపవాస విషయమున ధర్మశాస్త్రములే మినహాయింపు నిచ్చినవి. ఆ మినహాయింపును స్వీకరించుట వ్రతభంగము కాదు.

గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున అతిగా భుజించువానికిని, బొత్తిగా భుజింపనివానికిని యోగము సిద్ధింపదనెను. పదునేడవ అధ్యాయమున ఆహారమును మూడు విధములుగా విభజించి, ఆయువును, బలమును, ఆరోగ్యమును పెంచునది సాత్త్వికమని తెలిపెను. కావున గృహస్థులారా! రాబోవు ద్వాదశికి అవిసె ఆకు సంపాదింపుడు. అది దొరకనిచో తోటకూరయో, మెంతికూరయో, మునగాకో వండుకొనుడు. ఒక ఉసిరికాయ నూరుకొనుడు. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ చేదును, ఆ వగరును వారి నాలుకకు పరిచయము చేయుడు. పదిహేను దినముల కొకసారి వచ్చు ఆ విస్తరి నిత్యభోజనమునకు మేలుబంతి యైనచో, భగవత్కైంకర్యమునకు సాధనమగు ఈ దేహము చిరకాలము నిలుచును.